చప్పట్ల తర్వాత

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు కావస్తున్నా ఈ ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌కి మాత్రం ఇంకా రాలేదన్న సంగతి హైమావతి కాపరానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టింది. అందుకు కారణం తెల్లవాళ్ళు కాదు, మావగారు. వీరభద్రరావుగారు టేప్ రికార్డర్ మీద ఎర్ర మీట నొక్కారంటే చాలు, కుక్కర్ కూత వెయ్యకూడదు, తిరగమోతలో ఆవాలు చిటపటమనకూడదు, దగ్గొచ్చినవాళ్ళు పెరట్లోకెళ్ళి దగ్గి రావాలి, వీధిలో ఐస్ బండివాడు గంట కొడితే వాణ్ణి ఆపడానికి ఎవరో ఒకరు చెప్పుల్లేకుండా పరిగెత్తాలి. రేడియో ముందు స్టూలు మీద ఆ పలకలాంటి టేప్ రికార్డర్ని, పసిబిడ్డని చాప మీద వేసినట్టు మెల్లిగా పడుకోబెట్టి, చూపుడువేలు పెదాల మీద ఆనించి, ఇంటిల్లిపాదినీ ఒక చూపు చూసేవారు. ఆ చూపు తర్వాత గోడ మీద బల్లి కూడా తొందరపడేది కాదు. రేడియోలోంచి తీగ లాగి నేరుగా కేసెట్లోకి ఎక్కించుకోవచ్చండీ, ఇంత తతంగం అక్కర్లేదు అని రిపేరు షాపతను ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. తీగలోంచి వస్తే గొంతు బిగుసుకుపోతుందట, గాలిలోంచి వస్తేనే మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంటుందట. మామిడికాయల వ్యాపారం చేసే మనిషికి గాలి సంగతి ఎవరు చెప్పగలరు. అందుకని రేడియోవాళ్ళు వేసే పాత రికార్డుల్లో గాంధీగారు మాట్లాడినంతసేపూ, నెహ్రూగారు మాట్లాడినంతసేపూ, బోసుగారు ఎక్కడో దూరదేశపు రేడియోలోంచి గరగరమంటూ మాట్లాడినంతసేపూ, నూజివీడులో ఒక ఇల్లు ఊపిరి బిగబట్టుకుని ఉండేది.

ఆ మనిషే ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు మామిడిపళ్ళ గదిలో, గుమ్మం పక్కన మడతకుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని వాసన పీలుస్తున్నారు. కింద వరిగడ్డి, గడ్డి మీద చిన్నరసాలు, వాటి మీద మళ్ళీ గడ్డి. మూసి ఉంచిన కిటికీ సందులోంచి ఒక్క ఎండ చార గడ్డి మీద పడి ఉంది. బయట వడగాలి. లోపల, గడ్డిలోంచి వచ్చే ఆ వెచ్చదనం, తీపీ, కాస్త పులుపూ కలిసిన ఊపిరి. రేపు పొద్దున విజయవాడలో ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. మెడ దగ్గర ఒక రంధ్రం పెడతారు, ఇక ఊపిరి అందులోంచే. ఈ మాటలన్నీ డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. మావగారు పాఠం విన్నట్టు విన్నారు, గొంతు పోతుందన్నప్పుడు కూడా తల ఊపారు. లేవబోతుండగా డాక్టరు, మర్చిపోయిన చిల్లర తిరిగి ఇస్తున్నట్టు, వాసన కూడా పెద్దగా తెలియదండి, గాలి ముక్కులోంచి వెళ్ళదు కదా అన్నాడు. అప్పుడు మాత్రం మావగారు మళ్ళీ కూర్చున్నారు. ఇంటికి రాగానే తన కుర్చీ, టేప్ రికార్డరూ తానే మోసుకుని ఈ గదిలోకి వచ్చేశారు. ఏ మూల ఏ కాయ పండిందో, ఏది మిగలపండి పక్కవాటిని చెడగొడుతోందో గుమ్మంలో నిలబడి చెప్పగలిగిన మనిషి. అదిగో ఆ మూల, కింది వరస, అంటే చెయ్యి పెట్టి తియ్యడమే, అక్కడే ఉండేది. ఇక మీదట ఎవరు చెబుతారు, గడ్డంతా తిరగేసుకుని చూసుకోవాలి, అనుకుంది హైమావతి, అనుకుని, మనిషి ఊపిరి గురించి బెంగపడాల్సిన చోట పళ్ళ గురించి బెంగపడుతున్నందుకు తనని తానే తిట్టుకుంది, మళ్ళీ, పళ్ళ గురించి కాదుగా, అని సర్దిచెప్పుకుంది.

సంచి సర్ది గుమ్మంలో పెట్టింది. తువ్వాళ్ళు, పంచెలు, ఫ్లాస్కు, ఎందుకైనా మంచిదని ఒక పలకా సుద్దముక్కలూ. పలక చూసి మావగారు నవ్వారు. ఈ వయసులో అఆలు అన్నట్టు చెయ్యి తిప్పారు. ఆమె భర్త దుర్గాప్రసాద్ కారు ఏసీ బాగు చేయిస్తానని పట్టుకెళ్ళాడు, తిరిగొచ్చే దారిలో మామిడికాయల ట్రాక్టర్లు ఒకదాని వెనకొకటి నిలబడిపోయాయట, ఒక గంట పట్టచ్చు, నాన్నని రెడీగా ఉండమను అని ఫోన్ చేశాడు. నాన్న రెడీగానే ఉన్నారు. ఈ గంటలోపు కాస్త పెసరపప్పూ బియ్యం కలిపి మెత్తగా పెట్టేస్తే రెండు ముద్దలు తిని బయల్దేరతారు కదా అని హైమావతి కుక్కర్ స్టవ్ మీదకెక్కించి, సన్న సెగ మీద పెట్టి, వచ్చి గడ్డి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. పండినవాటిని ఏరే పని ఎలాగూ ఉంది. చేతికి పని ఉంటే బుర్రకి ఊసుండదంటారు గానీ, అది అబద్ధం. చేతులు పళ్ళ మీద తిరుగుతుంటే బుర్ర దాని దారిన అది ఊరు మీద పడుతుంది.

గోడ గూటి నిండా కేసెట్లు. ఇంట్లో దుమ్ము పడని గది ఇదొక్కటేనని ఆయన వాటినీ ఇక్కడే కాపరం పెట్టించారు. దుమ్మైతే పడలేదు గానీ ఏటా వేసవి పొడుగునా గడ్డి వేడికి ఉడికి ఉడికి, కొన్ని టేపులు సాగిపోయి, వాటిలో నాయకులు మధ్యాహ్నం భోంచేసి లేచినట్టు మాట్లాడతారు. మూత తీస్తే చాలు, ప్రతి ఒక్కరి దగ్గరా రసాల వాసనే. జాతి మొత్తాన్నీ మామిడిపళ్ళ గదిలో మాగబెట్టిన ఘనత మీదే మావయ్యగారూ, అని ఒకసారి అంటే ఆయన రెండ్రోజులు ముభావంగా ఉన్నారు, మూడోరోజు తనే వచ్చి, మాగబెడితే పులుపు పోతుందమ్మాయ్, ఆ మాత్రం తెలియదా, అన్నారు. ఆయనతో మాట్లాడటం అలా ఉండేది. ఉండేది ఏంటి, ఉంది, ఇంకా ఉంది, గంటన్నా ఉంది. ఇప్పుడా గొంతు సిమెంటు గచ్చు మీద ఖాళీ పెట్టె ఈడ్చినట్టుంది, రోజుకి నాలుగు మాటలకి మించి రావు, వాటిని కూడా ఏరి ఏరి, ఈ మాట ఇప్పుడు అవసరమా అని చూసి చూసి వాడుకుంటున్నారు. పొద్దున పాలవాడితో, రేపు ఉండను, అన్నారు. వాడికేం తెలుసు, అలాగే తాతగారూ, అని వెళ్ళిపోయాడు.

ఆమెకి కావలసింది ఆ నాలుగు మాటల్లో ఒకే ఒక్కటి. అడగదు. అడిగి తెచ్చుకుంటే అది అప్పడం లాంటిది, చప్పుడు తప్ప కడుపు నిండదు. కానీ రేపటితో అయిపోతుంది. పలక మీద రాసి చూపిస్తే ఆ రాతకి గొంతుండదు కదా. గొంతుతో తీసుకున్నదాన్ని గొంతుతోనే తిరిగి ఇవ్వాలి.

డిగ్రీ చదువుతున్నప్పుడు విజయవాడ హాస్టల్లో, గదికి నలుగురు ఆడపిల్లలు, ఒక టేప్ రికార్డరు, ఫ్యాన్ తిరిగితే కీచుమనేది, తిరక్కపోతే దోమలు. తెలుగు మేడమ్ క్లాసులో పద్యం చదివించి, నీ గొంతు మైకుకి పుట్టిన గొంతమ్మా, రేడియోకి రాయి, అన్నారు. పాత పేపరు ముందు పెట్టుకుని వార్తలు చదవడం, రికార్డు చేసుకోవడం, వినడం, మళ్ళీ చదవడం. ష దగ్గర తడబడుతున్నావే, అనేది పక్క మంచం పద్మ. కేసెట్లు కలిసిపోతాయని నలుగురూ నాలుగు గుర్తులు పెట్టుకున్నారు; తనది గోళ్ళరంగు చుక్క, మూల మీద, ఎర్రగా, కందిగింజంత. రేడియోలో గొంతు పరీక్ష పెట్టారు, నెగ్గింది. వచ్చి చేరమని కబురొచ్చేసరికి పెళ్ళయి నూజివీడులో ఉంది. దుర్గాప్రసాద్, నాన్ననడుగుతాను, అన్నాడు. పాపం అడిగాడు కూడా. మావగారు అప్పుడు అరుగు మీద కూర్చుని బంగినపల్లి కాయ తొడిమ దగ్గర గోరుతో గీరి చూస్తున్నారు. తల కూడా ఎత్తకుండా, టీ కొట్లో బీడీలు కాల్చుకునేవాళ్ళందరూ మన కోడలి గొంతు వింటూ కూర్చోవాలా, అన్నారు. అంతే. కోప్పడలేదు, అరవలేదు. కాయ పక్కన పెట్టి ఇంకో కాయ తీసుకున్నారు. ఈ కాయ ఇంకా పాలకాయే, ముదరలేదు, అన్నారు, అది కాయ గురించే అన్నారో తన గురించి అన్నారో ఇప్పటికీ తెలియదు. అత్తగారు మంగమ్మగారు ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ తన కంచంలో మాత్రం గడ్డపెరుగు రెండుసార్లు వేశారు. ఆ ఇంట్లో ఆడవాళ్ళ సానుభూతి అప్పట్లో పెరుగు రూపంలో ఉండేది.

సరోజినీ నాయుడుగారి కేసెట్ ఒకటుంది, ఎక్కడో పై వరసలో. దాన్ని ఆయన ఎవరొచ్చినా వేసి వినిపించేవారు. ఏం గొంతండీ, గంట మోగినట్టు, ఆ తల్లి మాట్లాడితే సభ సభంతా కదలకుండా కూర్చునేదిట, అని మురిసిపోయేవారు. కాఫీలు పట్టుకొచ్చిన హైమావతి గుమ్మంలో నిలబడి, ఆవిడా ఒకింటి కోడలేగా, అనుకునేది. పైకి అనలేదు. పైకి అనకపోవడం అనేది ఒక విద్య, డిగ్రీలో చెప్పరు, అత్తారింట్లో చెబుతారు. కానీ మనిషన్నాక ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. గొంతు వద్దన్నారు, సరే. కుక్కర్‌ని వద్దనలేరుగా. ఆ తర్వాత ఆ ఇంట్లో రికార్డయిన ప్రసంగాల్లో హైమావతి వంట లేనిది దాదాపు ఒక్కటి కూడా లేదు. కావాలనే చేసింది, ఒట్టు. రాజేంద్రప్రసాద్‌గారు ఊపిరి తీసుకున్నచోట ఇంగువ తిరగమోత చుయ్యిమంటుంది. బోసుగారు గొంతు పెంచిన చోటే కుక్కర్ కూడా పెంచుతుంది, ఇద్దరూ ఒకే పార్టీ అన్నట్టు. ఒకసారి రోలు కూడా వాడింది, కానీ అది మరీ అన్యాయంగా వినపడిందని మానేసింది. మావగారు లోపలికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, జాతి ద్రోహం చేశావమ్మాయ్, అనేవారు. అయ్యో, చూసుకోలేదండీ, అనేది. ఆయనకి తెలుసని తనకి తెలుసు, తనకి తెలుసని ఆయనకి తెలుసు, కానీ ఇద్దరూ ఆ కుక్కర్ మీదే నెట్టేసి అన్నాలు తినేసేవారు. అలా ఎన్ని వేసవులు.

అరటిపండు రంగు తిరిగిన పండొకటి చేతికి తగిలింది. మెత్తగా, వెచ్చగా, పిల్లల చెంపలా. ముక్కు దగ్గర పెట్టుకుంది. లేచి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన కళ్ళు తెరవకుండానే ఎత్తి ముక్కుకి ఆనించుకున్నారు, అలాగే ఉంచుకున్నారు, చాలాసేపు. ఆమె అటు చూడలేకపోయింది. గడ్డి వైపు తిరిగి కూర్చుంది.

ఆ స్వర్ణోత్సవాల ఏడాది, ఆగస్టు పదిహేను. బజారంతా సెలవు, వాన. రేడియోలో పాత నాయకుల గొంతులన్నీ ఒకదాని వెనకొకటి వేస్తామన్నారు, ఇంట్లో ఖాళీ కేసెట్ లేదు. మావగారు ఆ గదీ ఈ గదీ తిరిగారు, సొరుగులు లాగారు, చివరికి ఏదో దొరికింది, ఎర్ర మీట నొక్కారు, వేలు పెదాల మీద పెట్టారు, ఇల్లంతా నిశ్శబ్దం. తను పెరట్లో అంట్లు చప్పుడు కాకుండా తోముతోంది. కార్యక్రమం అయ్యాక తన గదిలోకొచ్చి చూస్తే, అద్దం సొరుగు తెరిచి ఉంది, దువ్వెనలూ పక్కపిన్నులూ చెల్లాచెదరుగా ఉన్నాయి, తన హాస్టల్ కేసెట్ లేదు. వెళ్ళి అడిగింది. ఆ ఇంట్లో మావగారిని తను సూటిగా అడిగిన మాట అదొక్కటే. మావయ్యగారూ, నా సొరుగులో కేసెట్ తీశారా? ఆయన దాని మీద అప్పటికే తన ముత్యాల్లాంటి అక్షరాలతో నాయకుల పేర్లు రాసి అతికిస్తున్నారు. ఖాళీదనుకున్నానమ్మాయ్, అన్నారు. ఇంకేం మిగిలింది అడగడానికి. ఖాళీదనుకున్నారు. ఉద్యోగం పోయినప్పుడు ఏడవలేదు గానీ ఆ రాత్రి మొహం మీద దిండు పెట్టుకుని ఏడ్చింది. ఉద్యోగమంటే వాళ్ళది, ఇస్తారు, పోతుంది, ఆ గొంతు తనది. ఇరవై ఏళ్ళ గొంతు ఇంకోసారి రాదు కదా. అప్పటి నుంచి గూట్లో ఆ వరస వైపు చూసేది కాదు. దుమ్ము దులిపినా ఆ ఒక్క కేసెట్ చుట్టూ దులిపి వదిలేసేది. ఆయన మాత్రం దాన్ని వింటూ ఉండేవారు, మధ్యాహ్నాలు, ఈ గది తలుపు వేసుకుని. తలుపవతల చప్పట్లు వినపడేవి, పెద్ద వానలాగా, ఆ తర్వాత ఏమీ వినపడేది కాదు, మీట నొక్కిన చప్పుడు కూడా చాలాసేపటికి గానీ వచ్చేది కాదు. నిద్రపోయి ఉంటారులే, అనుకునేది. దేశభక్తి ముదిరితే నిద్ర పడుతుంది కాబోలు, అని ఒకసారి దుర్గాప్రసాద్‌తో అంటే, ఉష్, అన్నాడు, అచ్చం తండ్రిలాగే.

మంగమ్మగారు పోయాక ఇల్లు మరోరకంగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒకరోజు కాఫీ పట్టుకుని ఈ తలుపు దాకా వచ్చి ఆగిపోయింది హైమావతి. లోపల శాస్త్రిగారు మాట్లాడుతున్నారు, నెమ్మదిగా, ఇంటి పెద్ద చెప్పినట్టు. మధ్యలో, ఎక్కడో దూరంగా, పెరటి వైపు నుంచి, అమ్మాయ్, పాలు పొంగుతున్నాయేమో చూడు, అని మంగమ్మగారి గొంతు. ఆ రోజు ఆ మాటకి ఆయన భార్యతో ఎంత పోట్లాట పెట్టుకున్నారో; దేశం పాలు పొంగినా నీకు పట్టదు, నీ పాలు పొంగితే చాలు, అని ఎన్నాళ్ళో ఎత్తిపొడిచారు. ఇప్పుడు తలుపవతల మీట టక్కుమంది, టేపు గిర్రున వెనక్కి తిరిగింది, మళ్ళీ శాస్త్రిగారు, మళ్ళీ, అమ్మాయ్, పాలు పొంగుతున్నాయేమో చూడు. మళ్ళీ టక్కు. మళ్ళీ గిర్రున. ప్రధానమంత్రిని అన్నిసార్లు వెనక్కి తిప్పింది ఆయన మాటల కోసం కాదు. కాఫీ చల్లారిపోయింది. వెనక్కి తీసుకెళ్ళి వేడిచేసి, చప్పుళ్ళు చేసుకుంటూ మళ్ళీ తెచ్చింది. అత్తగారి గొంతు ఈ ప్రపంచంలో అక్కడొక్కచోటే ఉంది. ఫోటోలు బోలెడున్నాయి, పెళ్ళిళ్ళవీ పేరంటాలవీ, అన్నిట్లోనూ నోరు మూసుకునే ఉన్నారు.

అందుకే కాబోలు, బందరు కాలేజీలో పాఠాలు చెప్పుకునే కూతురు సింధు నాలుగు రోజులుగా ఒకటే పోరు, అమ్మా, తాతయ్య గొంతు ఫోన్లో రికార్డు చేసి పెట్టు, ఏదో ఒకటి మాట్లాడించు, నువ్వడిగితే కాదనరు. అడిగితే కాదనకపోవడం అనేది ఈ ఇంట్లో తర్వాతి తరం ఆడపిల్లలకొచ్చిన సదుపాయం, దానికేం తెలుసు. అయినా పొద్దున ఫోన్ ఆయన ముందు పెట్టింది, మాట్లాడండి మావయ్యగారూ, సింధు అడుగుతోంది. ఆయన ఫోన్ని తిప్పి బోర్లా పెట్టి, నేనేం నాయకుణ్ణా, అన్నారు. ఉన్న నాలుగు మాటల్లో రెండు దానికే అయిపోయాయి. ఇల్లంతా వెతికితే ఎంతమంది గొంతులు, ఈయనది మాత్రం లేదు. ముందుమాట కూడా చెప్పేవారు కాదు, కేసెట్ పాడవుతుందని. చీటీ మీద రాసేవారు. నిశ్శబ్దం ఒక్కటే ఆయన రికార్డు చేసిన తన వంతు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది, వంటింట్లో కుక్కర్ బరువు మెల్లిగా ఊగడం మొదలుపెట్టింది, ఇక కూత వేస్తుంది. వేస్తే వెయ్యనీ. ఏమీ చెప్పరు. తను మాత్రం ఎందుకు ఎదురుచూస్తోంది, సిగ్గు లేకపోతే సరి. రేపు ఆ గొంతే ఉండదంటే దానిలోంచి తనకి రావలసిన మాట కోసం గుమ్మం దగ్గర బిచ్చగత్తెలా కూర్చుందా. కాదు. అదొక్కటే కాదు. జాతి ద్రోహం చేశావమ్మాయ్, అనేవాళ్ళు రేపట్నుంచి ఎవరూ ఉండరు. ఆ గొంతు మీద కోపంతోనే ఇన్నేళ్ళూ వంట చేసింది, ఆ గొంతు కోసమే ఉప్పు సరిచూసింది. రెండూ ఒకే గొంతు. ఏ సగాన్ని ఏడవాలి.

"అమ్మాయ్."

పెట్టె ఈడ్చిన చప్పుడు. తలెత్తింది. ఆయన గూటి వైపు చూపిస్తున్నారు. పై వరస కాదు. రెండో వరస, వెనక. ఆమె ఇన్నేళ్ళూ చెయ్యి పెట్టని చోటు.

లేచింది. దాన్ని తీసింది. స్వర్ణోత్సవం, నాయకుల గొంతులు, అని ఆ ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ చీటీ అంచు దాటి, మూల మీద, ఎర్రగా, కందిగింజంత చుక్క. చీటీ అతికించినప్పుడు కొంచెం పక్కకి జరిపి అతికించినట్టుంది, చుక్క మూసుకుపోకుండా. అరచేతిలో రసాల వాసన వేసింది. ఆయన కాళ్ళ దగ్గరున్న టేప్ రికార్డర్లో పెట్టి చూస్తే టేపు దాదాపు చివరిదాకా తిరిగే ఉంది.

"మొదటికి తిప్పనా మావయ్యగారూ?"

అడ్డంగా తల ఊపారు. తనే వంగి మీట నొక్కారు. చప్పట్లు. పెద్ద వానలాంటి ఆ చప్పట్లే, తలుపవతల నుంచి కాకుండా మొదటిసారి ఇవతల నుంచి. తగ్గాయి. టప్పుమని ఏదో తెగిన చప్పుడు. ఆ తర్వాత ఆమె ఊహించుకున్నట్టు నిశ్శబ్దం కాదు. కీచు, కీచు, కీచు, ఒక ఫ్యాన్. ఎక్కడి ఫ్యాన్ ఇది, మనింట్లోది కాదే, అనుకుంటుండగానే ఎవరో ఆడపిల్ల, తేలిగ్గా, అద్దంలా, తన ముందు లోకమంతా పరిచి ఉందన్న ధీమాతో, వాతావరణ సూచన, అంది. రాగల ఇరవై నాలుగు గంటల్లో కోస్తా ఆంధ్రలో అక్కడక్కడా ఓ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది. ఎవరీ పిల్ల, ఎంత బాగా చదువుతోంది, అనుకుంది హైమావతి నిజంగానే, ఒక్క క్షణం. వేటకు వెళ్ళే మత్స్యకారులు, అంటోంది ఆ పిల్ల. ఆకాశం మేఘావృతమై ఉంటుంది, అంటోంది. విశేషాలు ఇంతటితో సమాప్తం, అంటూ ష దగ్గర కాస్త తడబడింది, ఆ తడబాటుతో గుర్తుపట్టింది హైమావతి. కార్యక్రమం కేసెట్ కన్నా పొట్టిది. చివర్లో ఇంత ముక్క మిగిలిపోయింది. మిగిలిపోయి, ఇన్నేళ్ళూ ఇక్కడే, పళ్ళ పక్కనే ఉంది. చదివినది కుమారి హైమావతి, అంది ఆ పిల్ల. వెనక ముగ్గురు కిసుక్కున నవ్వారు, పడిందా, అంది ఎవరో, పద్మే, తర్వాత ఉత్త గాలి.

ఆయన్ని చూసింది. పెదాలు కదులుతున్నాయి. గాలి మొదలయ్యాక కూడా ఆఖరి మాట దగ్గరే కదులుతున్నాయి. ఆ పెదాలు మొదటి నుంచీ ఆ పిల్లతో పాటు కదిలాయని, ఒక్కో మాట దగ్గర ఆమె కన్నా ముందే కదిలాయని, తడబడిన చోట తడబడ్డాయని, వింటున్నంతసేపూ పక్కచూపుతో తను చూస్తూనే ఉందని ఇప్పుడు తెలిసింది. చప్పట్ల తర్వాత ఆయన నిద్రపోలేదు. ఎన్ని మధ్యాహ్నాలు. తలుపుకి ఇవతల తను అంట్లు తోముకుంటూ, అవతల తన వార్తలు. చప్పట్లవగానే సౌండు తగ్గించి, తలుపు వేసుకుని విన్నారు, వేసే విన్నారు, ఒక్కసారైనా తెరవలేదు. కోపం వచ్చింది, ఇంత పెద్దది, ఎక్కడ పెట్టాలో తెలియనంత. దాని వెనకే ఇంకేదో వచ్చి కోపాన్ని కూర్చోనివ్వలేదు.

ఆయన మీట నొక్కి ఆపారు. తర్వాత రెండు వేళ్ళు పెట్టి, ఎర్ర మీటా దాని పక్కదీ కలిపి నొక్కారు. చూపుడువేలు ఎత్తి, అలవాటుగా, పెదాల మీదకి తీసుకెళ్ళారు, అక్కడిదాకా వెళ్ళిన వేలుని ఒకసారి చూసుకుని, దించేశారు.

అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. హైమావతి అలవాటు కొద్దీ లేచి పరిగెత్తబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు, కూర్చో, అన్నట్టు. కూర్చుంది. కూత తీరిగ్గా, చివరిదాకా, దాని సొంత ఇంట్లో కూసినట్టు కూసింది. వీధిలో కారు హారను మోగింది, రెండుసార్లు, దుర్గాప్రసాద్. అదీ పడింది. టేపు తిరుగుతోంది. ఆయన ఒళ్ళో పండుని పక్కన పెట్టి, రేడియో ముందు కూర్చున్న మనిషిలా వెన్ను నిటారుగా పెట్టి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ మాట్లాడారు.

"నూజివీడు. మామిడిపళ్ళ గది. మాట్లాడేది వీరభద్రరావు." ఆగారు. "ఈ కేసెట్ ఖాళీదనుకున్నానని చెప్పాను. అబద్ధం. గోళ్ళరంగు చుక్క చూశాను." మళ్ళీ ఆగారు, ఈసారి చాలాసేపు, టేపు అయిపోతుందేమోనని ఆమెకి భయమేసేంతసేపు. "ఊరంతా వినాల్సిన గొంతు. నేనొక్కణ్ణే దాచుకుని విన్నాను. తప్పు నాది, హైమా."